‘చూద్దాంలే’ అన్న మాట

మార్కు సువార్త 7వ అధ్యాయము చివర, దెకపొలి ప్రాంతములో ఒక చెవిటివానికి కలిగిన స్వస్థత వ్రాయబడియున్నది. మన సంఘములలో ఆ భాగము చదువబడునప్పుడు అందరి మనస్సును ‘ఎప్ఫతా’ అను మాట మీదికే పోవును. ప్రసంగములును ఆ మాట మీదనే చేయుదుము. నేనును చేసితిని, ఒకటి కాదు, పదియైనను చేసియుందును. అయితే ఆ మాటకు ముందు జరిగిన రెండు చిన్న సంగతులను నేను చాలకాలము గమనింపలేదు. మొదటిది, ఆ మనుష్యుడు తనంతట తాను రాలేదు. ఎవరో అతనిని తీసికొనివచ్చిరి. వారు బంధువులో, ఇరుగుపొరుగువారో సువార్తికుడు చెప్పలేదు. రెండవది, ప్రభువు అతనిని గుంపులోనుండి ప్రక్కకు తీసికొనిపోయి, ఆ ఒక్క మాట పలుకకమునుపే చెవులలో వ్రేళ్లు పెట్టి, నాలుకను ముట్టి, ఆకాశమువైపు కన్నులెత్తెను. వినలేనివానితో కంటికి కనబడు భాషలో, చేతికి తగులు భాషలో మొదట మాటలాడెను.

ఈ నెల నేను వ్రాయదలచినది ఆ తీసికొనివచ్చినవారిని గూర్చి. పుట్టుకతోనే చెవులు వినబడని పసిబిడ్డను ఎవరు తీసికొనిరావలెను? ఎప్పుడు తేవలెను? ఆలస్యమైనయెడల ఆ తప్పు ఎవరి లెక్కలో పడును? ఇది వైద్యుల ప్రశ్న యని తోచవచ్చును. కాని ఇందులో నా లెక్క యొకటి యున్నది గనుక వ్రాయుచున్నాను.

2003వ సంవత్సరములో నేనొక పల్లె సంఘమునకు కాపరిగా ఉంటిని. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, కూలిపని చేసికొను ఒక తల్లి ఏడాదిన్నర బిడ్డను చంకనెత్తుకొని నాయొద్దకు వచ్చెను. “అయ్యగారూ, వీడు పిలిస్తే పలకట్లేదండి. ఎనకమాల నుంచి ఎంత పిలిచినా తిరగడండి. మీరొకసారి ప్రార్థన చెయ్యండయ్యా” అనెను. నేను బిడ్డ తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసితిని. అది తప్పు కాదు. పిమ్మట నేననిన మాటయే తప్పు. “చూద్దాంలేమ్మా, మగపిల్లలకు మాట ఆలస్యమే” అంటిని. ఆమె చెప్పినది వినికిడిని గూర్చి. నేను జవాబిచ్చినది మాటను గూర్చి. ఆమె మాట నేను వినలేదన్నమాట.

అయ్యగారు అట్లు సెలవిచ్చిన తరువాత ఇంకేమున్నది? ఇంట అత్తగారు, వాళ్ల తాతకును అయిదేండ్లకు గాని మాట రాలేదనెను. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాచిరి. నాలుక క్రింద నరము కోయించిన వచ్చునని ఒకరు, చెవిలో నూనె కాచి పోయుమని ఒకరు చెప్పిరి. నూనె పోయుటయు జరిగెను. ఇట్లు మూడేండ్లకు పైగా గడచిపోయెను.

ఆ నడుమ, 2006లో, ఆ బిడ్డ తాత చనిపోయెను. సమాధి కార్యక్రమము నేనే జరిగించితిని. ఆ పిల్లవానికి తాత యనిన ప్రాణము. కార్యక్రమము జరిగిన మరునాటి సాయంకాలమునుండి వాడు తాత చేతికర్ర పట్టుకొని ఊరి వెలుపల సమాధులయొద్దకు పోయి నిలుచుండువాడు. చీకటి పడువరకు నిలిచి, కర్ర తిరిగి తెచ్చి గుమ్మము ప్రక్క ఆనించువాడు. అట్లు ఎన్ని దినములో! తాత ఏమాయెనో వానికి చెప్పుటకు ఆ ఇంట ఎవరియొద్దను మాట లేదు. పునరుత్థానమును గూర్చి ఊరందరికి చెప్పిన నాయొద్దను ఒక్క మాట లేదు. వానికి వినబడని మాటలు మాత్రమే నాయొద్ద ఉండెను.

2007లో బడిలో వేయబోగా అక్కడి పంతులుగారు అనుమానపడి పట్టణమునకు పంపిరి. నేనును వెంట వెళ్లితిని. పరీక్ష చేసిన డాక్టరు కాగితము చూచుచు, తలయెత్తకుండ, “ఇన్నాళ్లు ఏం చేశారమ్మా?” అని అడిగెను. ఆమె పమిట కొంగు నోటికి అడ్డము పెట్టుకొని తల వంచుకొనెను. “మా అయ్యగారు చూద్దామన్నారండి” అని ఆమె చెప్పలేదు. నేనును చెప్పలేదు. ఆ గదిలో చెవులు బాగుగా వినబడుచు మూగవాడనైయున్నది నేనే.

యోహాను సువార్త 9వ అధ్యాయములో, పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న మీకు తెలియును. ఈ పాపము వానిదా, వాని కన్నవారిదా అని. ప్రభువు ఆ రెంటిని కాదనెను. ఇన్ని తరములుగా ఆ జవాబు చదువుచున్న మనము ఇంకను శిష్యుల ప్రశ్ననే అడుగుచున్నాము. మన పల్లెలలో ఇట్టి బిడ్డ పుట్టినయెడల మొదట విచారణకు నిలువబడునది తల్లి. ఆమె ఏ గ్రహణములో బయటికి వచ్చెనో, ఎవరి ఉసురు తగిలెనో అందురు. మేనరికపు పెండ్లియైతే రెండు ఇండ్లవారును ఒకరి మీద ఒకరు వేసికొందురు. మేనరికములలో పుట్టుచెవుడు హెచ్చుగా కనబడుట నిజమే. పెండ్లికి ముందు ఆలోచింపవలసిన సంగతి అది. బిడ్డ పుట్టిన తరువాత కోడలిని పొడుచుటకు దానిని కర్రగా పట్టుకొనరాదు. గర్భిణికి రుబెల్లా జ్వరము తగులుట, బిడ్డ నెల తక్కువగా పుట్టుట, పుట్టిన వెంటనే కామెర్లు తీవ్రమగుట, మెదడువాపు జ్వరము, వీటివలనను వినికిడి పోవును. ఏ కారణమును తెలియనివియు అనేకము. ప్రతి వేయిమంది శిశువులలో ఒకరు మొదలు ముగ్గురు వరకు ఇట్లు పుట్టుదురని లెక్క చెప్పుదురు. అట్టి బిడ్డలలో నూటికి 90 మందికి పైగా వినగల తలిదండ్రులకే పుట్టుదురని అమెరికా దేశపు లెక్కలవలన తెలియుచున్నది. అనగా, చెవుడు ఎట్లుండునో ఎన్నడును ఎరుగని ఇంటికే ఆ బిడ్డ వచ్చును.

ఈ దోషపు తలంపు మన పల్లెలకే పరిమితమని యెంచకుడి. అమెరికాలో స్పెన్సర్ ట్రేసీ అను నటునికిని ఆయన భార్య లూయీకిని 1924లో ఒక కుమారుడు పుట్టెను, పేరు జాన్. బిడ్డకు పది నెలలప్పుడు, నిద్రపోవుచుండగా, తల్లి చేతిలోనుండి తలుపు జారి పెద్ద శబ్దముతో పడెను. బిడ్డ కదలలేదు. ఆమె పేరుపెట్టి పిలిచెను, ఇంకను గట్టిగా పిలిచెను, కదలలేదు. అట్లు ఆమెకు తెలిసెను. తన పాపములకు ఇది శిక్షయని తండ్రి లోలోపల క్రుంగిపోయెనని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. పిమ్మట ఆయన లోకమంతట పేరుగన్న సినిమా నటుడాయెను. ఆ పేరు ఈ విషయములో ఆయనకు ఓదార్పు కాలేదు. తల్లి మాత్రము ఆ ప్రశ్నయొద్ద ఆగిపోలేదు. ఏమి చేయవలెనో వెదకి, నేర్చుకొని, కుమారునికి తానే ఉపాధ్యాయినియై, 1942లో లాస్ ఏంజిలిస్ నగరమున కుమారుని పేరుతో ఒక క్లినిక్ నెలకొల్పెను. పిల్లలకంటె ముందు తల్లులకు నేర్పుట అక్కడి పద్ధతి. మరుసటి సంవత్సరమే ఉత్తరముల ద్వారా పాఠములు పంపుట ఆరంభించిరి. దూరపు ఊళ్లలో ఒంటరిగానున్న తల్లి ఆ పాఠము చదివి, బిడ్డతో చేసి, ఏమి జరిగెనో తిరిగి వ్రాయును. అక్కడనుండి ఆమెకు జవాబు వచ్చును. రుసుము లేదు.

ఒకే ఇంట, ఒకే బిడ్డ విషయములో, ఇద్దరు ప్రేమగలవారు రెండు ప్రశ్నలు అడిగిరి. ఎందువలన వచ్చెను అని ఒకరు. ఇప్పుడేమి చేయవలెను అని ఒకరు. నేను తండ్రిని నిందింపను. కాని మొదటి ప్రశ్న అడుగుచున్నంతసేపు బిడ్డకు దినములు గడచిపోవుచునే యుండును.

ఇక్కడ భక్తిగలవారికి ఒక చిక్కు కలదు. దేవుని కొరకు ఓపికతో కనిపెట్టుకొనియుండుట మన విశ్వాసములో గొప్ప గుణము. మరి తొందరపడి ఆసుపత్రులకు పరుగెత్తుట అవిశ్వాసము కాదా అని ఒక సంఘపెద్ద నన్ను అడిగెను. ఆయన కపటముతో అడుగలేదు. నేను చాలదినములు ఆలోచించితిని. మన తెలుగులో ‘కనిపెట్టుట’ అను మాటకు రెండర్థములు ఉన్నవి గదా! ఎదురుచూచుట యొకటి, కన్ను వేసి చూచి కనుగొనుట మరియొకటి. దొంగను కనిపెట్టితిమందుము, రోగము కనిపెట్టిరందుము, చంటిబిడ్డను కొంచెము కనిపెట్టుకొని ఉండుమని పొరుగింటామెకు చెప్పుదుము. గుడిలో మనము మొదటి అర్థమును ఉంచుకొని రెండవదానిని వెలుపల చెప్పులతో విడిచివచ్చుచున్నాము. ఆ కూలితల్లి చేసినది రెండవది. ఆమె కనిపెట్టెను. ఆమెకు నేను మొదటిదానిని బోధించి పంపివేసితిని. ఓపిక ఎవరి సొత్తునుండి ఖర్చగుచున్నదో చూడవలెను. నా ఓపికకు వెల చెల్లించినది నేను కాదు, ఏడాదిన్నర బిడ్డ.

ఆ వెల ఎంతయో ఇప్పుడు తెలియుచున్నది. గర్భములో ఆరవ నెల దాటునప్పటికే బిడ్డ శబ్దములు వినుట ఆరంభించునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాబట్టి వినబడని బిడ్డ పుట్టునాటికే కొన్ని నెలల మాట పోగొట్టుకొని పుట్టుచున్నది. భాషను పట్టుకొను శక్తి మొదటి రెండు మూడు సంవత్సరములలో మిక్కిలి చురుకుగా ఉండి, పోనుపోను తగ్గిపోవును. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున క్రిస్టీన్ యోషినాగా-ఇటానో అను విదుషియు ఆమె సహచరులును 150 మంది బిడ్డలను పరిశీలించిన ఫలితము ప్రకటించిరి. ఆరు నెలలలోపు చెవుడు కనుగొనబడి సహాయము అందిన 72 మంది, ఆరు నెలలు దాటిన తరువాత కనుగొనబడిన 78 మందికంటె భాషలో ఎంతో ముందుండిరి. బీదవారైనను, కలిగినవారైనను, నోటిమాటతో నేర్చినను, చేతి సైగలతో నేర్చినను ఆ భేదము కనబడెను. అందుచేతనే నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సహాయము అని వైద్యులు గడువులు పెట్టుకొనిరి.

మరి తల్లిదండ్రులు ఎట్లు మోసపోవుదురు? చెవిటి శిశువు కూడ మొదటి నెలలలో ఏడ్చును, నవ్వును, ఊ కొట్టును. తరువాత గాని ఆ ఊకొట్టుట తగ్గిపోదు. పళ్లెము క్రింద పడవేసి చూచితిమి, తిరిగెను అందురు. నేల అదురు బిడ్డకు తెలియును. పడవేసినవాని నీడ కనబడును. చప్పట్లు కొట్టినయెడల గాలి తగులును. కాబట్టి ఇంటి పరీక్షలను నమ్మి ఊరకుండరాదు. ఆసుపత్రిలో నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టము వంటిది పెట్టి కొద్ది నిమిషములలో చూతురు. దానిలో అనుమానము కలిగినచో తలకు తీగలు అంటించి, శబ్దమునకు మెదడు బదులిచ్చుచున్నదో లేదో చూచు ‘బేరా’ పరీక్ష చేయుదురు. నొప్పి లేదు. 2013లో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ఆరంభించెను. దానిక్రింద వైద్య బృందములు ఏటికి రెండు మారులు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూడవలెను. వారు చూచు లోపములలో పుట్టుచెవుడు ఒకటి. అక్కడనుండి జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయొక్క ప్రాంతీయ కేంద్రమున్నది. 2003లో నాకు ఇవి తెలియవు. కొన్ని అప్పటికి లేవు కూడ. నేటి కాపరికి ఆ సాకు లేదు.

ఇట్టి సహాయమనగానే యంత్రము తగిలించుట యని మనవారు తలంతురు. కొన్ని నెలల బిడ్డకు సహితము వినికిడి యంత్రము పెట్టవచ్చును. చెవి పెరిగినకొలది దాని అచ్చు మార్చవలెను, బ్యాటరీలు కొనవలెను. చెవుడు తీవ్రమైనచో కాక్లియర్ ఇంప్లాంట్ అను శస్త్రచికిత్స కలదు. 2014 నుండి కేంద్ర ప్రభుత్వపు ఏడిప్ పథకము క్రింద చిన్నబిడ్డలకు దీనికి సహాయము చేయుచున్నారు. అయినను యంత్రము శబ్దమును తెచ్చునేగాని భాషను తేదు. భాషను తేవలసినది ఇల్లు. చెన్నపట్టణములో 1969లో ఆరంభమైన బాల విద్యాలయము ఇట్టి పసిబిడ్డల బడి. అక్కడ బిడ్డతో తల్లియో మరియొక పెద్దయో కూర్చుండి నేర్చుకొనవలసినదే. ముఖము బిడ్డ కన్నులయెదుట ఉంచి మాటలాడుట, బియ్యము కడుగునప్పుడు, స్నానము చేయించునప్పుడు, మేకకు ఆకు వేయునప్పుడు అదే పని పేరు పదేపదే చెప్పుట, బిడ్డ చూపు ఎటు పోవునో అటు చూచి దానిని గూర్చియే మాటలాడుట. ఇట్టివి వారు నేర్పుదురు. వినుటకు సులభము. దినమంతయు మిరపతోటలో వంగి వచ్చిన ఆడుదానికి రాత్రి ఎనిమిది గంటలకు ఇది సులభము కాదు.

నోటిమాటయా, సైగల భాషయా అని పెద్ద వివాదము కలదు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున కూడిన ఉపాధ్యాయుల మహాసభ బడులలో సైగలు విడిచి నోటిమాటయే నేర్పవలెనని తీర్మానించెను. ఆ సభలోనివారు దాదాపు అందరును వినగలవారే! ఎన్నో దేశములలో పిల్లల చేతులు కట్టివేయబడినంత పనియాయెను. 2010లో కెనడాలోని వాంకూవర్ నగరములో కూడిన అట్టి మహాసభయే ఆ తీర్మానమును త్రోసివేసి విచారము తెలిపెను. పైన చెప్పిన లూయీ ట్రేసీయు నోటిమాట పక్షమే. నా మట్టుకు నేను పక్షము చేరను. ఏ త్రోవనైనను బిడ్డకు త్వరగా నిండు భాష యొకటి దొరకవలెను, ఆ భాష ఇంటివారికిని రావలెను. లూకా సువార్త మొదటి అధ్యాయములో జెకర్యా మూగవాడై యున్నప్పుడు, బిడ్డకు ఏ పేరు పెట్టవలెనని బంధువులును పొరుగువారును ఆయనకు సైగలు చేసి అడిగిరి; ఆయన పలకమీద వ్రాసి చూపెను. యాజకుడు గనుక ఊరంతయు వెంటనే సైగలు నేర్చెను కాబోలు! కూలివాని బిడ్డ కొరకు మన ఊరు ఎన్ని సైగలు నేర్చెను?

నా పిల్లవాని సంగతి చెప్పవలెను. అయిదేండ్లు దాటిన తరువాత యంత్రము పెట్టిరి. శబ్దము తెలిసెను గాని మాట అంతగా పట్టుపడలేదు. తరువాత బధిరుల బడిలో చేర్పించితిమి. అక్కడ సైగల భాష వాని చేతులలోనికి వరదవలె వచ్చెను. ఇప్పుడు పట్టణములో దర్జీపని చేయుచున్నాడు; పని మంచిదని పేరు. పండుగకు స్నేహితులను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చును. అరుగుమీద కూర్చుండి వారు చేతులతో మాటలాడుకొని కడుపుబ్బ నవ్వుదురు. తల్లి అన్నము వడ్డించుచు చూచుచుండును. ఒకసారి ఆమె నాతో, “మా వాడు బాగా మాట్లాడతాడంట అయ్యగారూ, వాళ్లంతా అంటారు. నాకే తెలవదు” అనెను. కుమారునికి భాష దొరకెను, తల్లికి దొరకలేదు. ఇరువది యేండ్ల క్రిందట ఆ ఇద్దరికి కలిపి దొరకవలసినది.

ఇందులో సంఘము చేయదగినది పెద్దదేమియు కాదు, అయితే విసుగు పుట్టించునది. నెలకు రెండు మూడు మారులు జిల్లా కేంద్రమునకు పోవుటకు బస్సు ఖర్చు, ఆ దినపు కూలి నష్టము ఆ ఇంటిని లొంగదీయును. మూడు నెలలు తిరిగి మానివేసినవారిని నేనెరుగుదును. వారిని సోమరులన్నవారినియు ఎరుగుదును. కానుకలలోనుండి ఆ ఖర్చు భరించుటకు సంఘ కమిటీ తీర్మానము చాలును. తల్లి వెళ్లిన దినమున ఇంట రెండవ బిడ్డను చూచుకొనుటకు ఒకరు కావలెను. తండ్రిని, అత్తగారిని ఒక్కమారైనను ఆ కేంద్రమునకు వెంటబెట్టుకొని పోవలెను. వారు కన్నులార చూచినగాని నమ్మరు. సండేస్కూలు ఉపాధ్యాయులు అట్టి బిడ్డను ముందు కూర్చుండబెట్టి, వెలుతురు తమ ముఖముమీద పడునట్లు నిలువబడి చెప్పవలెను. భారతీయ సైగల భాషకు 2018లో 3000 పదములతో ప్రభుత్వ నిఘంటువు వెలువడెను, 2021 నాటికి అది 10,000 పదములకు పెరిగెను. మన యౌవనస్థుల ఫోనులలో అది చూడవచ్చును.

వినుట వలననే విశ్వాసమని రోమా పత్రిక 10వ అధ్యాయములో పౌలు చెప్పెను గదా, వినలేనివాని గతియేమని ఆ సంఘపెద్దయే మరియొకసారి అడిగెను. అదే అధ్యాయములో దానికి ముందు పౌలు వరుసగా వేసిన ప్రశ్నలు చదివి చూడుమంటిని. అవి విననివానిని అడిగినవి కావు. వెళ్లి చెప్పవలసినవారిని అడిగినవి.

పోయిన క్రిస్మసుకు ఆ పాత సంఘమునకు వెళ్లితిని. ఆరాధన తరువాత చెట్టు క్రింద కొందరు స్త్రీలు కూర్చుండిరి. ఒక చిన్న కోడలు నాలుగు నెలల బిడ్డను ఒడిలో పెట్టుకొని, బాజాలు మ్రోగినను వీడు ఉలిక్కిపడలేదని చెప్పుచుండెను. ప్రక్కనున్న ముసలమ్మ, “పసిగుడ్డే కదే, చూద్దాంలే” అనెను. దర్జీవాని తల్లి అక్కడనే యుండెను. ఆమె ఆ మాటకు జవాబు చెప్పలేదు. బిడ్డను తన చేతులలోనికి తీసికొని, కొంతసేపు వాని కన్నులలోనికి చూచి, లేచి నాయొద్దకు వచ్చి, సోమవారము జిల్లా ఆసుపత్రికి పోవు మొదటి బస్సు ఎన్ని గంటలకో కనుక్కొమ్మని అడిగెను. అయిదున్నరకు అని చెప్పితిని. “అయితే ఆ పిల్లని నేనే తీసుకెళ్తానయ్యా” అని, బిడ్డను ఎత్తుకొనియే వెనుకకు నడిచిపోయెను.